ఒకే డిస్కు, పలు వ్యవస్థలు: అపోహలు, వాస్తవములు

2025 అక్టోబరు 14తో విండోస్ 10కు భద్రతా సవరణల సాధారణ గడువు ముగిసినందున, చక్కగా పనిచేయుచున్న పాత కంప్యూటరును పారవేయ మనసొప్పక, విండోసును ఉంచుకొనియే దాని సరసన ఉబుంటునో, తెలుగువారికై రూపొందిన స్వేచ్ఛ లినక్సునో నెలకొల్పుకొన గోరువారు కావలి నుండి కృష్ణపట్నము వరకుగల మా తీరమునను కలరు. వారికి మొదట ఎదురగు ప్రశ్న డిస్కు విభజనము. ఈ విషయమున నోటినుండి నోటికి ప్రాకిన మాటలలో పెక్కు ఒకనాటి సత్యములే. యంత్రములు మారినను అవి మారకుండుటచే నేడు అపోహలైనవి.

డిస్కును నాలుగు భాగములకు మించి విభజింపరాదనునది అట్టిది. 1983లో పీసీ డాస్ 2.0తో వచ్చిన ఎంబీఆర్ పట్టికలో నాలుగు గడులే యుండెను. అంతకు మించి కావలసినచో ఒకదానిని ఎక్స్‌టెండెడ్‌గా మార్చి, దానిలోపల లాజికల్ విభాగములు చేసికొనవలసి వచ్చెడిది. నేటి జీపీటీ పద్ధతిలో సాధారణముగా 128 విభాగములకు చోటు కలదు. అయినను పాత యంత్రములలో ఎంబీఆర్ ఇంకను మిగిలియున్నది గనుక, తమ డిస్కు ఏ పద్ధతిదో డిస్క్ మేనేజ్‌మెంట్‌లో ముందుగా చూచుకొనుట మేలు.

విండోసును తరువాత ఎక్కించినచో లినక్సు నశించునని మరియొక భయము. పాత ఫర్మ్‌వేరగు బయోస్ కాలమున విండోస్ డిస్కు తొలి సెక్టారులోని బూటు సంకేతమును చెరిపి తనది వ్రాసికొనెడిది. లినక్సు దత్తాంశము అప్పుడును చెడలేదు, ద్వారము మాత్రమే మూసికొనెను. నేటి యూఈఎఫ్ఐ యంత్రములలో ప్రతి వ్యవస్థయు ఒకే ఈఎఫ్ఐ విభాగమున తన ఫోల్డరు తాను ఉంచుకొనును. బూటు వరుస మారవచ్చును, దానిని ఫర్మ్‌వేర్ సెట్టింగులలో సరిదిద్దుకొనవచ్చును. విండోసును ముందు ఎక్కించుట నేటికిని సుకరమే. కాని ఈఎఫ్ఐ విభాగమును మాత్రము ఫార్మాట్ చేయరాదు. చేసినచో అన్ని వ్యవస్థల ద్వారములును ఒక్కసారిగా మూసికొనును.

ర్యాము చాలనపుడు లినక్సు డిస్కుపై వాడుకొను స్వాప్ ర్యామునకు రెట్టింపు ఉండవలెననుట ర్యాము మెగాబైట్లలో దొరకిన నాటి లెక్క. హైబర్నేట్ కోరువారికి ర్యామునకు సమానముగా నున్న చాలును. తక్కినవారికి ప్రత్యేక విభాగము లేకయే చిన్న స్వాప్ ఫైలు సరిపోవును.

రెండు వ్యవస్థలును వాడుకొను దత్తాంశమునకు ఎన్‌టీఎఫ్ఎస్ విభాగము తగును. 2021 నాటి 5.15 కెర్నెలు నుండి దానిపై వ్రాయగల డ్రైవరు లినక్సులోనే చేరినది. అయితే విండోసులోని ఫాస్ట్ స్టార్టప్‌ను తప్పక ఆపవలయును. లేనిచో షట్‌డౌన్ చేసితిమని మనమనుకొన్నను విండోస్ అర్ధనిద్రలోనే యుండును, ఆ స్థితిలో లినక్సు వ్రాసినచో ఫైళ్ళు చెడును. డిస్కును గుప్తీకరించు బిట్‌లాకర్ ఉన్నవారు రికవరీ కీని ముందే వ్రాసి దాచుకొనవలయును. విభాగములను జరుపుచుండగా కరెంటు పోవుట మహాప్రమాదము గనుక, వాయుగుండపు హెచ్చరిక యున్న దినములలో ఆ పనికి పూనుకొనకుండుటే వివేకము.

అన్నింటికంటె నన్ను బాధించునది, డి డ్రైవులో దాచితిమి గనుక ఫోటోలకును పత్రములకును భయము లేదను నమ్మకము. సి డ్రైవును తుడిచి విండోసును మరల ఎక్కించునపుడు డి నిలుచుట నిజమే. కాని డిస్కే చెడిననాడు రెండును ఏకకాలమున పోవును. మైపాడు తీరపు రొయ్యల చెరువుల నడిమి గట్టు చిన్న ఆపదలను ఆపునేమో గాని, ఉప్పెన వచ్చిననాడు ఇరుప్రక్కల చెరువులను నీరు ఒక్కటిగానే ముంచును. 1989 నవంబరులో కావలి ప్రాంతమున తీరము దాటిన తుపానును, 2015 నవంబరు నాటి వరదలను ఎరిగిన జిల్లా మనది. పిల్లల సర్టిఫికెట్ల ప్రతులు, పొలము కాగితములు, గతించినవారి ఛాయాచిత్రములు వేరొక డిస్కులోను, వీలైనచో వేరొక ఊరిలోను ఉండవలయునని ప్రతి గృహస్థును నేను వేడుకొందును.

512 జీబీ డిస్కును పంచవలసినచో నా అంచనా ఇది: ఈఎఫ్ఐకి ఒక జీబీ, విండోసునకు 150, ఒక్కొక్క లినక్సునకు 50, ఉమ్మడి దత్తాంశమునకు 200. మిగిలినదానిని పంచక, విండోస్ విభాగమునకు వెంటనే కుడివైపున ఖాళీగా విడువవలయును. ఏలయన డిస్క్ మేనేజ్‌మెంట్ ఒక విభాగమును ఆ వైపున ఆనుకొనియున్న ఖాళీలోనికే పెంచగలదు.