ముఖము దాచుకొనే బిడ్డలు



మా కురుపాం వైపు పెళ్లిచూపులైన మరునాడు బావి దగ్గర ముందుగా వచ్చే మాట పిల్ల చదువు గురించి కాదు, పని గురించీ కాదు. "పిల్ల నల్లగున్నాది గదే" అన్నదే. అది విన్న బిడ్డ సంతలో క్రీము కొని రాసుకుంటుంది. ఫోటో తీస్తామంటే వెనక్కు జరుగుతుంది. ఆరాధనలో పాట పాడమంటే పైట ముఖం మీదికి లాక్కుంటుంది. బొల్లి మచ్చలున్న అమ్మ, చిన్నప్పుడు పొయ్యిలో పడి కాలిన తమ్ముడు చివరి చాప మీదే కూర్చుంటారు. ఇది చిన్న బాధేనని కొందరు పెద్దలంటారు. నేనలా అనుకోను.

వేలూరు క్రైస్తవ వైద్య కళాశాల డాక్టర్ మేరీ వర్గీస్ గారి సంగతి మన యువతులు తెలుసుకోవాలి. 1954లో కారు ప్రమాదములో ఆమె ముఖము గాయపడి మచ్చ మిగిలింది. వెన్నెముక దెబ్బతిని నడుము నుండి క్రిందికి చచ్చుబడింది. అప్పటికి ఆమెకు ముప్పై ఏళ్లు నిండలేదు. తోటి వైద్యులు ఆమెను ఇంటికి పంపి ఊరుకోలేదు. కుష్ఠురోగుల చేతులకు చేసే శస్త్రచికిత్స కూర్చునే చేయవచ్చని డాక్టర్ పాల్ బ్రాండ్ గారు ఆమెను ప్రోత్సహించారు. చక్రాల కుర్చీలోనే ఆమె ఆపరేషన్లు చేశారు. 1966లో వేలూరులో పునరావాస కేంద్రము ఆమె నాయకత్వములోనే మొదలైంది. 1972లో పద్మశ్రీ వచ్చింది.

బ్రాండ్ గారి బృందానికి ఇంకొకటి అర్థమైంది. వంకర పోయిన వేళ్లు సరిచేసి పంపినా రోగులకు పని దొరకలేదు. కనుబొమలు రాలిపోయి, ముక్కు కుంగిన ముఖము చూచి జనం తలుపు వేసేవారు. అప్పుడు ముక్కు నిలబెట్టడము, తల చర్మము తెచ్చి కనుబొమలు అతికించడము మొదలుపెట్టారు. అది తలవెంట్రుకే గనుక పెరుగుతూనే ఉంటుంది, కత్తిరించుకోవాలి! ఆ రోగులకు అదీ సంతోషమే. ముఖము బాగుచేయడము ఆడంబరమని వారు అనుకోలేదు. మనిషి మళ్లీ ఊరిలోకి రావాలంటే అదీ అవసరమే.

మార్కు సువార్త మొదటి అధ్యాయములో కుష్ఠురోగి వచ్చినప్పుడు ప్రభువు దూరము నుండే మాట చెప్పి పంపవచ్చును. ఆయన చెయ్యి చాపి ముట్టాడు. రోగము పోయింది ఆ తరువాతే. ఎన్నాళ్లుగానో ఎవరూ తాకని చర్మము అది.

139వ కీర్తన చదివి వినిపించి, "దేవుడు నిన్ను బాగానే చేశాడులే అమ్మా" అని ఊరుకుంటే సరిపోదు. స్త్రీల సమాజపు అక్కలు ఆ పిల్లను తమ ప్రక్కన కూర్చోబెట్టుకోవాలి. వాక్యము చదివే వంతు ఆమెకూ రావాలి. సంబంధము చూడబోయే సంఘ పెద్దలు రంగు మాట ఎత్తకుండా ఉండాలి. ఈ చివరిదే కష్టము, మన ఇళ్లలోనే అలవాటు గనుక.

మరొక మాట. స్పర్శ తెలియని పాలిపోయిన మచ్చ కనబడితే దాచకండి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రములో చూపించండి. కుష్ఠుకు మందు ఉచితము. ఆరు నెలలో, సంవత్సరమో వాడాలి. మందు మొదలుపెట్టిన కొద్ది రోజులకే ఇతరులకు అంటదు. కుష్ఠును సాకుగా చూపి విడాకులు కోరే వీలును 2019లో పార్లమెంటు తీసివేసింది. సాలూరులోని ఫిలడెల్ఫియా కుష్ఠు ఆసుపత్రి పేరు మన పెద్దలకు తెలిసినదే. వెళ్లడానికి సిగ్గుపడేవారికి తోడుగా సంఘము నుండి ఒకరు బస్సెక్కితే చాలు.