క్రియ తోడు లేనిదే కదలని చిన్నమాట

*‘ఆన్’, ‘ఆఫ్’, ‘ఫర్’, ‘టు’... రెండు మూడక్షరాల ఈ మాటల దగ్గరే మన పిల్లల ఇంగ్లిష్ తడబడుతోంది. దారి మాత్రం తెలుగులోనే ఉంది.*

విజయవాడ–ఏలూరు హైవే మీద నూజివీడు, గుడివాడ రోడ్లు కలిసే కూడలి హనుమాన్ జంక్షన్. ఇక్కడ పొద్దస్తమానం జనం బస్సులు ఎక్కుతుంటారు, దిగుతుంటారు. పైకా, కిందికా అన్నది మన క్రియలోనే ఉంది. ఇంగ్లిష్‌లో రెంటికీ ‘గెట్’ ఒక్కటే. బస్సు ఎక్కితే ‘గెట్ ఆన్’, దిగితే ‘గెట్ ఆఫ్’. అదే కారయితే ‘గెట్ ఇన్’, ‘గెట్ అవుట్’.

మామిడితోటలోనూ ఇంతే. రసాలు కోస్తే ‘పిక్’. కోసినవాటిలో మంచివి ఏరితే ‘పిక్ అవుట్’. రాలిన కాయను నేలమీంచి తీస్తే ‘పిక్ అప్’. ఇంతవరకూ ఊహకు అందుతుంది. ‘పిక్ ఆన్’ అంటే మాత్రం ఒకరిని పనిగట్టుకుని వేధించడం! ఇలాంటి జంటలనే ‘ఫ్రేజల్ వెర్బ్స్’ అంటారు. పరాయి భాషలవారికి ఇంగ్లిష్‌లో అన్నిటికన్నా కష్టమైనవి ఇవేనని శామ్యూల్ జాన్సన్ 1755లోనే తన నిఘంటువు ముందుమాటలో రాశాడు.

మన పొరపాట్లు చాలావరకు విభక్తుల నుంచే వస్తాయి. ‘ధర గురించి చర్చించాం’ అనే అలవాటు కొద్దీ ‘డిస్కస్డ్ అబౌట్ ద ప్రైస్’ అనేస్తాం. అక్కడ ‘అబౌట్’ అక్కర్లేదు. ‘నా మీద కోపం’ కాస్తా ‘యాంగ్రీ ఆన్ మీ’ అవుతుంది, ‘విత్’ ఉండాలి. ‘అతనితో పెళ్లయింది’ అన్నప్పుడు ‘మ్యారీడ్ విత్’ అంటాం, ‘టు’ ఉండాలి. ‘బస్సు కోసం’ ఎదురుచూడటానికి మాత్రం ‘వెయిట్ ఫర్’ చక్కగా కుదురుతుంది. అలా ఒకచోట కుదిరిందని అన్నిచోట్లా నమ్మడంతోనే చిక్కంతా.

క్రియను బట్టి తోడుమాట మారే పద్ధతి మనకు తెలియనిదేమీ కాదు. అమ్మను అడుగుతాం, అమ్మకు చెబుతాం, అమ్మతో మాట్లాడతాం. అమ్మ ఒక్కతే, విభక్తులు మూడు. ఏది రావాలో తేల్చింది క్రియే. ఏ పిల్లా దీన్ని బట్టీ పట్టలేదు, వింటూ వింటూ పట్టుకుంది. ఇంగ్లిష్‌లోనూ తేల్చేది క్రియే: ‘ఆస్క్ మదర్’, ‘టెల్ మదర్’, ‘స్పీక్ టు మదర్’. మన విభక్తి పేరు చివర అతుక్కుంటుంది, వాళ్ల ప్రిపొజిషన్ పేరుకు ముందు నిలబడుతుంది.

2008లో మొదలైన నూజివీడు ట్రిపుల్ ఐటీలో పదో తరగతి కాగానే చేరే పల్లె పిల్లలకు ఈ తేడా త్వరగా తెలియాలి. అక్కడి పాఠాలు వినాలన్నా, రాయాలన్నా ఇంగ్లిషే.

అందుకే ఉపాధ్యాయులకు ఒక మనవి. ప్రిపొజిషన్ల పట్టికను విడిగా వల్లె వేయించకండి. ‘వెయిట్’ అని ఆపేయకుండా ‘వెయిట్ ఫర్ ద బస్’ అని వాక్యం మొత్తం పలికించండి. రోజుకో క్రియ, దాని తోడుమాట, మన ఊరి సంగతి చెప్పే ఒక వాక్యం చాలు. ‘యాంగ్రీ ఆన్ మీ’ అన్న పిల్లను చూసి ఎవరూ నవ్వకండి. ఆ పిల్లకు తెలుగు బాగా వచ్చు. అది వచ్చినట్టే ఇంగ్లిషూ వస్తుంది.