ఏకాగ్రతకు ఎసరు పెట్టే ఫోను

వాహనం నడిపే వ్యక్తి ధ్యాస దారి నుండి మళ్లే తీరును రహదారి భద్రతా నిపుణులు మూడు విధాలుగా వివరిస్తారు. కన్ను రోడ్డును వదిలి మరొకదానిని చూడటం మొదటిది. చేయి స్టీరింగునో హ్యాండిలునో విడిచి వేరే పనికి పూనుకోవడం రెండవది. కన్నూ చేయీ ఉండవలసిన చోటనే ఉన్నా మనసు మరొక విషయంలో లీనం కావడం మూడవది. నడుపుతూ ఫోనులో సందేశం చదివి జవాబు రాసేవారిలో ఈ మూడూ ఒకేసారి సంభవిస్తాయి.

గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోయే వాహనం ఒక్క సెకనులో దాదాపు 17 మీటర్లు సాగుతుంది. హైదరాబాదు ఔటర్ రింగ్ రోడ్డుపై అనుమతించిన 120 కిలోమీటర్ల వేగంలో మూడు సెకన్లపాటు ఫోను తెరను చూసిన వ్యక్తి, ఆ వ్యవధిలో 100 మీటర్ల దారిని చూడకుండానే దాటేస్తాడు.

ఫోను చేతిలో లేకుంటే చాలునని, బ్లూటూత్ పెట్టుకునో, హెల్మెట్‌కూ చెంపకూ మధ్య ఫోను ఇరికించుకునో మాట్లాడేవారు చాలామంది భావిస్తారు. అయితే కెనడాలోని టొరంటోలో డొనాల్డ్ రెడెల్మయర్, రాబర్ట్ టిబ్షిరానీ అనే పరిశోధకులు ప్రమాదాలకు గురైన 699 మంది చోదకుల ఫోను బిల్లులను పరిశీలించి, సంభాషణ సాగుతున్న వేళ ప్రమాదావకాశం సుమారు నాలుగు రెట్లు పెరుగుతుందని, చేతితో పట్టుకోనవసరం లేని ఫోన్ల వల్ల అదనపు రక్షణ ఏదీ కనబడలేదని 1997లో ప్రకటించారు.

కంటికి ఎదురైనదంతా మెదడు గ్రహించకపోవడమే ఇందుకు ముఖ్యకారణం. ధ్యాస వేరొకచోట ఉన్నప్పుడు కళ్లెదుటి వస్తువు కూడా తెలియకుండా పోయే ఈ స్థితిని మనస్తత్వ శాస్త్రవేత్తలు అవధానలోప అంధత్వం అంటారు. డేనియల్ సైమన్స్, క్రిస్టఫర్ చాబ్రిస్ 1999లో ప్రచురించిన ప్రసిద్ధ ప్రయోగంలో, వీడియోలో బంతి ఎన్నిసార్లు చేతులు మారిందో లెక్కించడంలో మునిగిన ప్రేక్షకులలో దాదాపు సగం మంది, ఆటగాళ్ల నడుమ నుండి గొరిల్లా వేషంలో నడిచివెళ్లిన మనిషిని గమనించనే లేదు. పక్కవారితో మాట్లాడటం, ఫోనులో మాట్లాడటం ఒకటి కావు. పక్కసీటులో కూర్చున్నవారు రోడ్డును తామూ చూస్తుంటారు గనుక ఇరుకు మలుపు రాగానే మాట ఆపి హెచ్చరించగలరు. ఫోనులో అవతలివారికి ఆ మలుపు కనబడదు గనుక సంభాషణ ఆగదు.

2019లో సవరించిన మోటారు వాహనాల చట్టంలోని 184వ సెక్షను, నడుపుతూ ఫోను చేతపట్టి వాడటాన్ని ప్రమాదకర డ్రైవింగుగా పరిగణించి, తొలి నేరానికి ఆరు నెలల నుండి ఏడాది వరకు జైలు గాని, 1,000 నుండి 5,000 రూపాయల జరిమానా గాని, రెండూ గాని విధించే వీలు కల్పించింది. దారి తెలుసుకోవడానికి మాత్రం, ఏకాగ్రత చెడని రీతిలో ఫోను వాడుకోవచ్చునని 2020లో సవరించిన నిబంధనలు చెబుతున్నాయి. చట్టం చేతిని కట్టడి చేయగలదు గాని మనసును కట్టడి చేయలేదు గనుక, మిగిలిన బాధ్యత నడిపేవారిదే.

బయలుదేరక ముందే మ్యాపులో దారి చూసుకోవాలి, ఫోను మోగకుండా పెట్టుకోవాలి, తప్పనిసరి కబురైతే బండిని సురక్షితమైన చోట ఆపి మాట్లాడాలి. ఫోను చేసినవారు కూడా అవతలివారు బండి నడుపుతున్నారని తెలిసిన మరుక్షణం తామే పెట్టేయాలి. ఇంటిల్లిపాదీ ఈ నియమాన్ని పాటిస్తే ఎన్నో ప్రాణాలు నిలుస్తాయి.