ఎక్కువిచ్చి కొనదగ్గవి ఏవి? గోదావరి ఇళ్లలో అపోహలు – వాస్తవాలు

పెళ్లిళ్ల సీజను వచ్చిందంటే రాజమండ్రి తాడితోట బట్టల కాంప్లెక్సులో, మెయిన్ రోడ్డు కొట్లలో కాలు పెట్టే చోటుండదు. కోనసీమ నుంచి, మెట్ట నుంచి, కొవ్వూరు వంతెన దాటి అవతలి నుంచి జనం సామాన్లకు వస్తారు. వాళ్ల మాటల్లో రెండు నమ్మకాలు వినిపిస్తాయి. ఒకటి, "ఖరీదెక్కువంటే సరుకు మంచిదే". రెండోది, "అన్నీ ఒక్కటేనండీ, పేరుకే డబ్బు". ఈ రెండూ జేబుకు చిల్లు పెట్టేవే. ఎక్కువిచ్చి కొనదగ్గ వస్తువులు కొన్ని నిజంగానే ఉన్నాయి. మనం ఇచ్చిన డబ్బు వాటిలో లోహంగానో, మనిషి పనిదినాలుగానో, నెలనెలా మిగిలే కరెంటుగానో ఉంటుంది. ఎక్కడుందో చూడటం తెలిస్తే కొట్టువాడి మాట మీద ఆధారపడక్కర్లేదు.

అపోహ: ఉప్పాడ చీరకు విలువ జరీ వల్ల వస్తుంది. ఎంత మెరిస్తే అంత ఖరీదు.

వాస్తవం: కాకినాడకు ఎగువన సముద్రం ఒడ్డునున్న ఉప్పాడకు 2009లో భౌగోళిక గుర్తింపు తెచ్చింది జాందానీ నేత. జరీ దాని మీద అలంకారం మాత్రమే. మామూలు చీరలో పేక దారం నాడెతో ఈ అంచు నుంచి ఆ అంచుకు పోతుంది. జాందానీలో దానికి తోడు ఒక్కో పువ్వుకు ఒక్కో చిన్న కండె ఉంటుంది. నేసేవాళ్లు ఆ కండెను చేత్తో పడుగు పోగుల మధ్య దూర్చి, పైకి తీసి, మళ్లీ దూర్చి పువ్వు కడతారు. అంచు నుంచి అంచు దాకా వరసలో ఇరవై పువ్వులుంటే, ఒక్క పేక పడేలోగా ఇరవై చోట్ల చెయ్యి ఆగాలి. అందుకే ఒకే మగ్గం మీద ఇద్దరు పక్కపక్కన కూర్చుని నేస్తారు. పనితనం ఎక్కువున్న చీరకు వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. మీరిచ్చే డబ్బులో పెద్ద భాగం ఆ ఇద్దరి రోజులు.

దీన్ని కొట్లోనే కనిపెట్టవచ్చు. చీరను తిరగేసి వెలుతురుకు పట్టండి. అసలు జాందానీలో పువ్వు దారం పువ్వు దగ్గరే మొదలై అక్కడే ఆగిపోతుంది. వెనకవైపు కూడా దాదాపు ముందువైపులాగే శుభ్రంగా ఉంటుంది. యంత్రం మీద నేసిన నకలులో పువ్వుకూ పువ్వుకూ మధ్య దారాలు వెనకాల వేలాడతాయి. వాటిని కత్తిరించేస్తే పువ్వు చుట్టూ పొట్టి పోగులు గరుకుగా వేలికి తగులుతాయి. ఒక్క మాట జాగ్రత్త. చేనేతలోనూ జకార్డు పెట్టి నేసిన చీరలకు వెనక దారాలుంటాయి. అవీ మంచి చీరలే, కట్టుకోవడానికి లోటేమీ లేదు. వాటికి జాందానీ ధర మాత్రం ఇవ్వకండి.

అపోహ: సిల్క్ మార్క్ చీటీ ఉంటే అది చేనేత చీరే.

వాస్తవం: 2004లో మొదలైన సిల్క్ మార్క్ దారం అసలు పట్టేనని మాత్రమే చెబుతుంది. పవర్‌లూమ్ మీద నేసిన పట్టుచీరకూ ఆ చీటీ ఉండవచ్చు. చేత్తో నేసిందని చెప్పేది 2006లో వచ్చిన హ్యాండ్లూమ్ మార్క్. అది పట్టు సంగతి చెప్పదు. నూలు చీరకూ వేస్తారు. పెద్ద మొత్తం పెడుతున్నప్పుడు రెండూ అడగాలి. జరీ అసలు వెండిదా, రాగి మీద పూతా, ప్లాస్టిక్కా అన్నది మూడో ప్రశ్న. ఆ సంగతి బిల్లు మీద రాయించుకోండి. నోటిమాటకు రేపు విలువ ఉండదు.

అపోహ: చేతిపనికి ఎక్కువ ధర ఇస్తే ఆ డబ్బు చేసినవాళ్లకే చేరుతుంది.

వాస్తవం: నరసాపురం లేసు చరిత్ర చూస్తే ఈ నమ్మకం నిలవదు. 19వ శతాబ్దంలో క్రైస్తవ మిషనరీలు నేర్పిన ఈ అల్లిక నరసాపురం చుట్టుపక్కల ఊళ్లలో ఇంటింటికీ పాకింది. ఒక సూది, ఒక దారం ఉండ ఉంటే చాలు. జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మారియా మీస్ ఇక్కడి ఆడవాళ్ల మీద రాసిన పుస్తకం 1982లో వచ్చింది. వాళ్లు అల్లిన లేసు విదేశాలకు ఎగుమతి అవుతున్నా, ఆ పనిని "ఇంట్లో ఖాళీగా ఉన్నప్పుడు చేసేది"గా లెక్కగట్టి నామమాత్రపు కూలి ఇచ్చేవారని ఆమె చూపించారు. లాభం దళారులకు, ఎగుమతిదారులకు పోయింది. ఈ క్రోషే లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. గుర్తింపు వచ్చినంత మాత్రాన కూలి దానంతట అదే పెరగదు.

అసలు క్రోషేను యంత్రం అల్లలేదు. యంత్రం చేసేది దాన్ని పోలిన వేరే లేసు. నిజమైన క్రోషే టేబుల్ గుడ్డను దగ్గరగా చూస్తే, దారం ముడి లేకుండా ఒక ఉచ్చులోంచి ఇంకో ఉచ్చులోకి సాగుతూ పోతుంది. ఏ రెండు పువ్వులూ అచ్చు గుద్దినట్టు ఉండవు. అలాంటి గుడ్డ మరీ చవగ్గా దొరికిందంటే ఎవరి చేతి కూలి తగ్గించారో ఊహించడం కష్టం కాదు. కొనాలనుకుంటే నరసాపురంలోని లేసు పార్కులోనో, మహిళా సంఘాల దగ్గరో, అల్లేవాళ్ల ఇంటి దగ్గరో కొనండి. అక్కడ బేరమాడకండి. నా మటుకు నాకు ఎక్కువివ్వడమంటే ముందు గుర్తొచ్చేది ఈ కొనుగోలే.

అపోహ: అయస్కాంతం అంటుకోకపోతే అది మేలిరకం స్టీలు.

వాస్తవం: "పెట్టి చూస్కోండమ్మా, అంటుకుంటే డబ్బు వాపస్" అని కొట్టువాళ్లు అయస్కాంతం చేతికిస్తారు. ఆ పరీక్షలో 304 రకం నెగ్గుతుంది, చవకైన 202 రకం కూడా నెగ్గుతుంది. 304లో సుమారు 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉంటాయి. 202లో ఖరీదైన నికెల్ తగ్గించి మాంగనీసు కలుపుతారు. అయినా రెండింటికీ అయస్కాంతం సరిగా అంటుకోదు. కొంచెం అంటుకున్నా కంగారు పడక్కర్లేదు. మంచి 304నైనా లోతుగా సాగదీసిన చోట అది స్వల్పంగా పట్టవచ్చు. ఇండక్షన్ పొయ్యికి వాడే గిన్నె అడుగుకు గట్టిగా అంటుకోవాల్సిందే.

సముద్రానికి దూరంగా ఉన్న ఊళ్లలో ఈ తేడా అంతగా బయటపడకపోవచ్చు. అంతర్వేది, మొగల్తూరు, ఉప్పాడ వైపు ఉప్పుగాలి, కొన్నిచోట్ల ఉప్పునీళ్లు. అక్కడ 202 గిన్నె అంచు మడతలో, పిడి అతుకు దగ్గర గోధుమరంగు చుక్కలు తొందరగా లేస్తాయి. రోజూ నీళ్లు, పులుసు, ఉప్పు తగిలే వాటికి 304 అని ముద్ర ఉన్నది కొనండి. పప్పులూ బియ్యం పోసుకునే డబ్బాలకు అంత డబ్బు దండగ. ఉప్పుకైతే ఏ స్టీలూ వద్దు, జాడీయే మేలు.

అపోహ: ఇత్తడి పాత్రలో ఏది వండినా ఆరోగ్యమే.

వాస్తవం: తణుకు దగ్గరున్న అజ్జరం ఇత్తడి సామానుకు పెట్టింది పేరు. గుండిగలు, గంగాళాలు, బిందెలు అక్కడి నుంచి పెళ్లి సారెల్లోకి వెళ్తాయి. ఇత్తడి కొనడం కొంత లోహాన్ని దాచుకోవడం కూడా. తూకానికి కొంటాం, ఎప్పుడైనా తూకానికే అమ్ముకోవచ్చు. పాతికేళ్లు వాడిన నాన్‌స్టిక్ పెనాన్ని ఎవరు తీసుకుంటారు? అందుకే బరువు చూసి కొనాలి. రేకు పలచనైతే సొట్టలు పడుతుంది, అడుగంటుతుంది.

అయితే ఇత్తడి అంటే రాగి, తుత్తునాగం కలిసిన లోహం. చింతపండు పులుసు, మజ్జిగ, నిమ్మరసం లాంటి పులుపు తగిలితే ఆ లోహాలు కరిగి కూరలోకి దిగుతాయి. వికారం, వాంతులు రావచ్చు. మన పెద్దవాళ్లు ఇత్తడికి కళాయి వేయించింది ఇందుకే. పాత్రను కాల్చి, నవాసారం చల్లి, కరిగిన తగరాన్ని దూదితో లోపలంతా రుద్దేవారు. తగరం 232 డిగ్రీల దగ్గర కరుగుతుంది. కాబట్టి కళాయి పాత్రను ఖాళీగా పొయ్యి మీద మరిచిపోకూడదు, పీచుతో గట్టిగా తోమకూడదు. లోపల పసుపు రంగు తొంగిచూస్తే మళ్లీ కళాయి వేయించే వేళైందన్నమాట. సీసం కలవని తగరమే వాడమని గట్టిగా చెప్పండి. కళాయి వేసేవాళ్లు మీ దగ్గర్లో లేకపోతే ఇత్తడిని అన్నానికీ నీళ్లు కాచుకోడానికీ ఉంచుకుని, పులుసు స్టీల్లోనో రాచ్చిప్పలోనో పెట్టుకోవడం మంచిది.

అపోహ: ఫ్యానుకు అంత డబ్బెందుకు, గాలి ఒకటేగా.

వాస్తవం: మన డెల్టా ఉక్కకు ఫ్యాను ఏడాది పొడుగునా తిరగాల్సిందే. మామూలు సీలింగ్ ఫ్యాను 75 వాట్లు తింటే బీఎల్‌డీసీ ఫ్యాను 30 వాట్లతో సరిపెడుతుంది. రోజుకు 15 గంటలు తిరిగితే ఏడాదికి మిగిలేది దాదాపు 246 యూనిట్లు. మీకు యూనిట్ ఆరు రూపాయలు పడుతుంటే 1,470 రూపాయల పైమాటే. పైగా మన బిల్లులో వాడకం పెరిగేకొద్దీ శ్లాబు రేటు పెరుగుతుంది కాబట్టి, మిగిలేవి ఖరీదైన పై శ్లాబు యూనిట్లే. తుఫాను రోజుల్లో ఇన్వర్టరు కూడా ఎక్కువ గంటలు నిలుస్తుంది. 2023 జనవరి నుంచి సీలింగ్ ఫ్యాన్లకు స్టార్ లేబులు తప్పనిసరి. అందులో వాట్లతో పాటు గాలి ఎంత ఇస్తుందో కూడా చూడండి. హాల్లో, పడగ్గదిలో పెట్టే ఫ్యానుకు ఈ ఖర్చు తిరిగొస్తుంది. చుట్టాలొస్తే తప్ప వేయని గదికి పాత ఫ్యానే చాలు.

అపోహ: సంక్రాంతి చలికి గడ్డకడితే అది అసలైన కొబ్బరి నూనె.

వాస్తవం: సుమారు 24 డిగ్రీల కంటే చలైతే కొబ్బరి నూనె పేరుకుంటుంది, నిజమే. పామాయిల్ గింజ పప్పు నుంచి తీసే నూనె కూడా దాదాపు అలాగే పేరుకుంటుంది. అంచేత సీసా గడ్డకట్టినంత మాత్రాన తేలేదేమీ లేదు. లెక్క నమ్మదగింది. అంబాజీపేట మార్కెట్లో ఎండు కొబ్బరి ధర రోజూ తెలుస్తూనే ఉంటుంది. కిలో కొబ్బరి ఆడిస్తే 600 గ్రాముల పైచిలుకు నూనె వస్తుంది. లీటరు నూనె సుమారు 920 గ్రాములు తూగుతుంది. అంటే లీటరుకు కిలోన్నర దాకా కొబ్బరి కావాలి. చెక్క అమ్మితే కొంత తిరిగొస్తుంది, ఆడించే కూలి దానికి సరి. "స్వచ్ఛమైన గానుగ నూనె" అంటూ ఆ కిలోన్నర కొబ్బరి ధర కంటే బాగా తక్కువకే అమ్ముతున్నారంటే అందులో ఇంకేదో ఉంది.

అపోహ: నడుంనొప్పికి పరుపు ఎంత గట్టిదైతే అంత మంచిది.

వాస్తవం: దీర్ఘకాలిక నడుంనొప్పి ఉన్న 313 మంది మీద స్పెయిన్‌లో చేసిన పరీక్ష 2003లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. గట్టి పరుపు కంటే మధ్యరకం గట్టిదనం ఉన్న పరుపే ఎక్కువ ఉపశమనం ఇచ్చింది. మన కొబ్బరి పీచుకు రబ్బరు పాలు పట్టించి చేసే పరుపుల్లో గాలి ఆడుతుంది, చెమట నిలవదు. కొనేముందు పడుకుని చూడండి, పైన కాస్త మెత్తని పొర ఉన్నది ఎంచుకోండి.

అపోహ: గ్యాస్ ట్యూబు పగిలేదాకా వాడుకోవచ్చు.

వాస్తవం: వాడకూడదు. లోపల ఉక్కు తీగ అల్లిక ఉన్న నారింజరంగు సురక్షా ట్యూబునైనా ఐదేళ్లకు మార్చాలి. తేదీ దాని మీదే ఉంటుంది. ప్రెషర్ కుక్కర్‌కు 2021 ఫిబ్రవరి నుంచి ఐఎస్ఐ ముద్ర తప్పనిసరి. ముద్రతో పాటు ఉండే లైసెన్సు నంబరును బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే కంపెనీ పేరు వస్తుంది. పేరు కలవకపోతే వద్దనేయండి. హెల్మెట్‌కూ ఇదే పద్ధతి. ఈ మూడింట్లో చవక చూసుకోవద్దు.

అపోహ: ఫౌంటెన్ పెన్ను బాగా రాయాలంటే బంగారు పాళీ ఉండాలి. నాటు పెన్నులు సిరా కక్కుతాయి.

వాస్తవం: గాంధీజీ స్వదేశీ పిలుపుతో కోసూరి వెంకట రత్నం రాజమండ్రిలో పెన్నులు మొదలుపెట్టారు. ఆ పెన్ను అందుకున్న గాంధీజీ 1935లో వార్ధా నుంచి మెచ్చుకుంటూ ఉత్తరం రాశారు. రత్నం పెన్నులో మీరు ఇచ్చే డబ్బు ఎబొనైట్ అనే గట్టి రబ్బరు కడ్డీని లేత్ మీద చేత్తో తిప్పి తీర్చిన పనిది. పాళీ బంగారమైనా స్టీలైనా కాగితాన్ని తాకేది కొసనున్న గట్టి లోహపు బొట్టే. దాన్ని చక్కగా నునుపు చేశారా లేదా అన్నదే రాతను తేలుస్తుంది. బంగారం వల్ల పాళీ కాస్త మెత్తగా వంగుతుంది, అంతే. ఇక సిరా కక్కడం పెన్ను లోపం కాదు. డ్రాపరుతో నింపే పెన్నులో సిరా తగ్గేకొద్దీ ఖాళీ అయిన చోట గాలి చేరుతుంది. చేతివేడికి ఆ గాలి వ్యాకోచించి సిరాను బయటికి నెడుతుంది. ఎబొనైట్ వేడిని అంత తొందరగా లోపలికి పోనివ్వదు కాబట్టి కొంత నయం. సిరా మూడోవంతుకు దిగగానే మళ్లీ నింపుకుంటే పేజీ మీద మరక పడదు.