ఊపిరితిత్తుల కణజాలంలో రాతినార పోగులు: నమూనా తయారీ, ఫలిత నిర్ణయం

కీలక పదాలు: రాతినార, కణజాలం, ఆస్బెస్టాస్ బాడీలు, క్రిసోటైల్, వృత్తివ్యాధి.

రాతినార (ఆస్బెస్టాస్) కలిసిన సిమెంటు రేకులు తెలంగాణ పల్లెల్లో ఇళ్లకూ పశువుల కొట్టాలకూ కప్పుగా నేటికీ కనిపిస్తాయి. ఆ నార ధూళిని పీల్చిన కార్మికునిలో వ్యాధి బయటపడటానికి 20 నుండి 40 ఏళ్లు పట్టవచ్చు. అప్పటికి కర్మాగారం మూతపడి, హాజరుపట్టీలు మాసిపోయి ఉంటే ఊపిరితిత్తి ముక్కే సాక్ష్యంగా మిగులుతుంది. ఆ సాక్ష్యాన్ని చదివే తొలి దశకు ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని అక్కరలేదు. చేవెళ్ల, మొయినాబాదు మండలాల్లోని వైద్య కళాశాలల వంటి చోట్ల ఉండే సాధారణ ప్రయోగశాల పరికరాలతోనే దానిని చేపట్టవచ్చు.

సాధారణంగా పారఫిన్ దిమ్మె నుండి 5 మైక్రాన్ల మందంతో పొర కోసి రంగు వేస్తారు. రెండు సెంటీమీటర్ల చదరపు పొరలో ఉండే కణజాలం రెండు మిల్లీగ్రాములకు మించదు. అందులో ఏమీ కనిపించకపోవడం వింత కాదు. కనుక కణజాలాన్ని కరిగించి చూడవలసి ఉంటుంది.

కణితి లేని భాగాల నుండి, వీలైతే ఒకటికి మించిన చోట్ల నుండి, మొత్తం 5 గ్రాముల వరకు తీసుకుంటారు. ఫార్మలిన్ పూర్తిగా పోయేలా కడిగి, తడి బరువు తూచి, సోడియం హైపోక్లోరైట్ ద్రావణంలో ఉంచితే మాంసభాగం కరిగి ఖనిజం నిలుస్తుంది. పక్కనే ఉన్న మరొక ముక్కను ఎండబెట్టి తూచి, తడి, ఎండు బరువుల నిష్పత్తి కడతారు. ద్రావణాన్ని 0.45 మైక్రాన్ల రంధ్రాలున్న మెంబ్రేన్ ఫిల్టరు గుండా వడకట్టి, ఆ ఫిల్టరును స్లైడుపై అమర్చి లెక్కిస్తారు. వాడే ప్రతి ద్రవాన్నీ ముందే వడకట్టాలి. కణజాలం లేని ఖాళీ నమూనాను కూడా అదే వరుసలో నడపాలి. ఈ జాగ్రత్త లేని లెక్కకు విలువ లేదు.

ఇనుము, ప్రోటీను తొడిగిన పోగులు బంగారు గోధుమ వర్ణంలో, చివరలు ఉబ్బి కనిపిస్తాయి. వీటినే ఆస్బెస్టాస్ బాడీలు అంటారు. 1997 హెల్సింకీ ప్రమాణాల ప్రకారం ఎండు కణజాలం గ్రాముకు ఇవి 1000 దాటితే వృత్తిపరంగా ధూళి సోకిందనడానికి బలమైన ఆధారం.

చిక్కంతా సున్నా వచ్చినప్పుడే. ఈ బాడీలు ఎక్కువగా క్రొసిడొలైట్, అమొసైట్ వంటి యాంఫిబోల్ పోగులపై ఏర్పడతాయి. కడప జిల్లా పులివెందుల ప్రాంతపు గనుల్లో దొరికింది క్రిసోటైల్. అది ఊపిరితిత్తిలో సన్నని పోగులుగా చీలి, త్వరగా తొలగిపోతుంది. మిగిలినవాటిలో అధికభాగం కాంతి సూక్ష్మదర్శినికి అందవు. అందుచేత క్రిసోటైల్ విషయంలో పోగుల లెక్క కంటె వృత్తిచరిత్రే మెరుగైన సూచిక అని ఆ ప్రమాణాలే చెబుతున్నాయి. 1995లో సుప్రీంకోర్టు రాతినార కార్మికుల ఆరోగ్య రికార్డులను కనీసం 40 ఏళ్లు, లేదా పని మానిన తరువాత 15 ఏళ్లు, ఏది ఆలస్యమైతే అంతవరకు భద్రపరచాలని ఆదేశించింది. పరిహారం కోరే కార్మికుని విషయంలో సున్నా అని వచ్చిన నివేదికను ఆ రికార్డుతో కలిపి చదవకుండా అతని వాదనను తోసిపుచ్చడం శాస్త్రసమ్మతం కాదు.