ఊళ్లు రెండు, పాట ఒకటి

పాడేవారు ఒక ఊళ్లోను, ఫిడేలు వాయించేవారు మరొక ఊళ్లోను ఉంటే పాట సాగేదెట్లా? తరాలుగా రాష్ట్రం వెలుపల స్థిరపడిన మన కుటుంబాలకు ఇది కొత్త ప్రశ్న కాదు. అక్కగారు బరంపురంలో ఉంటారు, చెల్లెలు షోలాపూరులో ఉంటుంది, చిన్ననాడు కలిసి సంగీతం నేర్చుకున్న స్నేహితురాలు బెంగుళూరులో. ఏ పెండ్లికో కలిస్తేనే పాట, లేకుంటే లేదు. ఈ కొరతను నేడు చేతిలోని సెల్‌ఫోనే చాలావరకు తీర్చగలదు. కాని పద్ధతి తెలిసి చేయాలి.

మొదట అందరికీ తోచే ఉపాయం, ఫోనులో ఇద్దరూ ఒకేసారి పాడడం. అది పొసగదు. ధ్వని గాలిలో సెకండుకు సుమారు 343 మీటర్లు పోతుంది. 10 మీటర్ల ఎడంగా కూర్చున్న ఇద్దరి మధ్య ఆలస్యం 30 మిల్లీసెకండ్లు మాత్రమే, అంతవరకు సర్దుకొనవచ్చును. ఇంటర్నెట్టు మాటల్లో అది 150 మిల్లీసెకండ్లు కావడం మామూలే. అంటే గుడి ప్రాకారంలో 50 మీటర్ల దూరాన ఆ మూల ఒకరు, ఈ మూల ఒకరు నిలిచి పాడినట్లన్నమాట. ఒకరికోసం ఒకరు ఆగుతూ పోతే కాలం జారిపోతుంది. పైగా మాటలకోసం చేసిన ఆ యంత్రాంగం తంబూరా నాదాన్ని ఫ్యాను చప్పుడుగా ఎంచి అణచివేస్తుంది కూడాను.

కాబట్టి కలిసి పాడడం మాని, వంతులు వేసుకోవడమే మేలు. అమెరికాలో ఇద్దరు సంగీతకారులు ఈ పని టపా ద్వారా చేశారు. లాస్ ఏంజిలిస్‌లోని జిమ్మీ టాంబొరెల్లో వాద్యభాగం తయారుచేసి పంపితే, సియాటిల్‌లోని బెన్ గిబ్బర్డు దానికి మాటలు కట్టి, పాడి తిప్పిపంపేవాడు. అట్లా తయారైన 'గివ్ అప్' అనే ఆల్బం 2003లో వెలువడింది. తమ జంటకు వారు పెట్టుకున్న పేరు 'ది పోస్టల్ సర్వీస్'! టపాకు పట్టిన రోజులు మనకు నిమిషాలైనాయి. పద్ధతి మాత్రం అదే.

ముందుగా ఇద్దరూ శ్రుతీ, కాలమూ నిర్ణయించుకోవాలి. ఒకరు తంబూరాను, తాళాన్ని కలిపి ఒక ఫైలు చేసి రెండోవారికి పంపాలి. ఎవరి తంబూరా వారు పెట్టుకుంటే వెంట్రుకవాసి తేడా వచ్చినా చెవికి ముల్లే. ఆ ఫైలును చెవిలో వింటూ పాడాలి. ఫోనులో గొంతు మాత్రమే పడాలి. మొదట ఒక ఆవర్తనం తాళం విని అందుకోవాలి. ఫిడేలుకు ఎక్కడ ఎన్ని ఆవర్తనాలు విడవాలో ముందే మాట్లాడుకోవాలి. విడవకపోతే ఆమెకు నీడలా వెంటరావడం తప్ప పనే ఉండదు.

గదికి పెద్ద ఖర్చు అక్కరలేదు. ఫ్యాను ఆపి, తలుపులు మూసి, బట్టల బీరువా తెరిచి దానికి ఎదురుగా కూర్చుంటే చాలు, గోడల మారుమోత తగ్గుతుంది. ఫోను నోటికి జానెడు దూరాన, కాస్త పక్కగా ఉండాలి. కుదించని ధ్వని ఒక గొంతుకు నిమిషానికి సుమారు 5 మెగాబైట్లు. దానిని వాట్సాప్ వాయిస్ మెసేజిగా కాక ఫైలుగానే పంపాలి. ఉచితంగా దొరికే ఆడాసిటీ వంటి సాధనంలో గొంతునూ ఫిడేలునూ ఒకదాని కింద ఒకటి పేర్చి, హెచ్చుతగ్గులు సరిచూస్తే పాట సిద్ధం. విన్నవారు 'బాగుంది' అని ఊరుకోరాదు. ఏ ఆవర్తనంలో కాలం పరుగెత్తిందో, ఏ స్వరం దిగిందో చెప్పేదే స్నేహం.

ఇంట్లో పెద్దవారు పాడే మంగళహారతులు, పెండ్లిపాటలు, లాలిపాటల విషయంలో మాత్రం ఈ క్రమం తలకిందులు కావాలి. డెబ్బయ్యేళ్ల అమ్మమ్మగారి చెవిలో తాళం పెట్టి పాడమనడం అన్యాయం. ఆమె శ్రుతే శ్రుతి, ఆమె కాలమే కాలం; తంబూరాను తరువాత ఆమెకు కలుపుకోవాలి. ఎవరి దగ్గర నేర్చారో, ఏ వేడుకకు పాడతారో అదే కూర్చున్నపాటున అడిగి చెప్పించాలి. ఆమె నోట పలికిన మాట పుస్తకంలో లేదని దిద్దరాదు. ఒరియా, కన్నడం, తమిళం, మరాఠీల నడుమ నిలబడిన తెలుగు మనది. ఆ పలుకు మరొక చోట దొరకకపోవచ్చు. ముట్టుకోని ఆ మొదటి ప్రతిని రెండు ఊళ్లలో, రెండు ఇళ్లలో దాచాలి. దానిపై ఫిడేలు, మృదంగం వేసుకునేది ఇంకొక ప్రతి మీద.

తోడు వాద్యం ఈ ఏడు కాకపోతే వచ్చే ఏడు చేర్చుకోవచ్చు. గొంతుకు ఆ గడువు లేదు. ఈ ఆదివారమే ఫ్యాను ఆపి, ఒక్క పాట పాడించండి.