స్త్రీలకు అన్ని దారులకు ఒక్క సైకిలు

సామర్లకోట పలు తీరుల దారులు కలిసెడి చోటు. కాకినాడ వైపు లారీల రద్దీ గల తారు రోడ్డు. గోదావరి కాలువ వెంట వానకాలమున జిగురుగా మారు బంకమట్టి గట్టు. పెద్దాపురము వైపు సాగినచో మెట్ట నేల, ఎగుడుదిగుడులు. ఒకే విద్యార్థిని ఒకే వారములో ఈ దారులన్నింటిని దాటవలసి వచ్చును. దారికొక సైకిలు కొనుట మన ఇండ్లలో జరుగు పని కాదు. కావున అన్నింటికి పనికివచ్చు సైకిలును ఎట్లు ఎంచుకొనవలెనన్నది చిన్న ప్రశ్న కాదు. రంగును, ముందున్న బుట్టను చూచి కొని, మోకాళ్ళ నొప్పితో నెల తిరుగకయే గోడకు చేరవేసిన సైకిళ్ళను మేము చాల చూచితిమి.

సైకిలు మూలబడినచో చదువును మూలబడవచ్చును. బీహారు ప్రభుత్వము 2006 లో తొమ్మిదవ తరగతి బాలికలకు సైకిలు కొనుటకు ధనమిచ్చు పథకమును ప్రారంభించినది. దానిని పరిశీలించిన ఆర్థికవేత్తలు కార్తీక్ మురళీధరన్, నిశీథ్ ప్రకాశ్ ఉన్నత పాఠశాలలలో బాలికల చేరిక 32 శాతము పెరిగినదని తేల్చిరి. బడి దూరముగా నున్న గ్రామములలోనే ఈ మేలు ఎక్కువగా కనబడినదట.

ఇక ఆడవారి సైకిలనగా నేమి? 1885 లో ఇంగ్లండునందు జాన్ కెంప్ స్టార్లీ తయారుచేసిన రోవర్ సైకిలు నేటి సైకిళ్ళకు మాతృక. పొడవాటి గౌనులు ధరించు స్త్రీలకు అడ్డకడ్డీ ఆటంకమగుటచే దానిని క్రిందికి వంచిరి. అయితే అడ్డకడ్డీ ఊరక పెట్టినది కాదు. అది చట్రమునకు బిగువునిచ్చును. దానిని వంచినప్పుడు అదే బిగువు కొరకు గొట్టములను మందముగా చేయవలెను, బరువు పెరుగును. వెనుక క్యారియరుపై బియ్యపు మూట పెట్టి గట్టుపై నడిపినచో ముందు భాగము ఊగుట ఇందువలననే. సల్వారు ధరించువారికి అడ్డకడ్డీ పెద్ద ఆటంకము కాదు. చీర, లంగా, బురఖా ధరించువారికి వంపు చట్రమే తగినది.

తమిళనాడునందలి పుదుక్కోట్టై జిల్లాలో 1991 లో కలెక్టరు షీలారాణి చుంకత్ అక్షరాస్యతా ఉద్యమముతో పాటు గ్రామీణ స్త్రీలకు సైకిలు నేర్పించిరి. ఆడవారి సైకిళ్ళు చాలక అనేకులు మగవారి సైకిళ్ళే ఎక్కిరి. పసిబిడ్డను కూర్చుండబెట్టుటకు అడ్డకడ్డీయే మేలని కొందరు వానినే కోరుకొనిరి కూడ! దుకాణదారుడు అతికించిన పేరు కంటె వాడుకయే ప్రధానమని ఆ తల్లులు గ్రహించిరి.

మంచు దేశములలోను ఇట్టి చర్చయే నడచినది. కాళ్ళకు పొడవాటి పలకలు బిగించుకొని మంచుకొండలపై జారు క్రీడ స్కీయింగ్. మన దేశమున గుల్మార్గ్, ఔలీ అందుకు ప్రసిద్ధములు. మనాలి ప్రాంతపు యువతి ఆంచల్ ఠాకూర్ 2018 లో టర్కీలో జరిగిన పోటీయందు కాంస్య పతకము గెలిచినది. పురుషుల పలకలనే పొట్టిచేసి, పూలబొమ్మలు వేసి, స్త్రీల పలకలని అమ్మిన కాలము కలదు. స్త్రీల శరీరభారము నిలుచు చోటు వేరు గనుక బూటును బిగించు స్థానమును ముందుకు జరుపవలెనని అమెరికా దేశపు జీనీ థోరెన్ వాదించినది. గట్టి మంచును కోయుటకు సన్నని పలక, మెత్తని మంచుపై తేలుటకు వెడల్పు పలక మేలు. అన్నింటికి ఒకటే కావలెనన్నచో నడుమ భాగమున 85 నుండి 100 మిల్లీమీటర్ల వెడల్పు గలదానిని సాధారణముగా ఎంచుకొందురు. మన టైరు సమస్యయు ఇదియే. 2 అంగుళాల టైరు మట్టిలో కూరుకొనదు గాని తారు రోడ్డుపై కాళ్ళ బలమును హరించును. అంగుళమున్నర దరిదాపు టైరు మనకు చాలును. మడ్గార్డునకు టైరునకు మధ్య వేలు దూరునంత ఖాళీ ఉండవలెను. లేనిచో బంకమట్టి చిక్కుకొని చక్రము కదలదు.

కొనునప్పుడు ముందుగా సీటు ఎత్తు చూడవలెను. సీటుపై కూర్చుండి మడమను క్రిందికి వచ్చిన పెడలుపై ఉంచినచో మోకాలు నిటారుగా సాగవలెను. పాదపు ముందు భాగముతో త్రొక్కునప్పుడు కొద్దిగా వంగి ఉండును. రెండు పాదములు నేలకానునట్లు సీటును దించుట మన యింటివారి అలవాటు. నేర్చుకొను నాలుగు దినములకు మంచిదే గాని అటుపై మోకాళ్ళ నొప్పికి అదియే కారణమగును. బ్రేకు పిడి చిన్న చేతి వ్రేళ్ళకు అందుచున్నదా అనునది పరీక్షింపవలెను. ఇనుప రిమ్ములపై వానలో బ్రేకు సరిగా పట్టదు. అల్యూమినియము రిమ్ములు మేలు.

గేర్ల మోజును మేము ప్రోత్సహింపము. అవి బురదలో పాడగును. మరమ్మత్తు చేయువారు పల్లెలలో అరుదు. ముందు 44 పళ్ళు, వెనుక ఫ్రీవీలునకు 18 పళ్ళు గల 26 అంగుళాల సైకిలు పెడలు ఒక చుట్టు తిరిగినంతలో సుమారు 5 మీటర్లు సాగును. 20 పళ్ళ ఫ్రీవీలు వేయించినచో నాలుగున్నర మీటర్లే సాగును గాని మెట్ట ఎక్కుట తేలికయగును. అవసరమైనచో గొలుసునకు ఒక లంకె కలుపవలెను. ఏ సైకిలు షాపులోనైనను ఈ పని చేయింపవచ్చును.

గొలుసును పూర్తిగా కప్పు కవరు, వెనుక చక్రమునకు శారీ గార్డు లేని సైకిలును, ఎంత అందమైనదైనను, కొనరాదు. చున్నీ అంచు గాని, బురఖా కుచ్చెళ్ళు గాని చక్రపు ఊచలలో చిక్కుట క్షణములో పని.

కళాశాల కమిటీవారికి ఒక మనవి. మెత్తని గట్టుపై టైరులో గాలి కొంత తగ్గింపవలెను, తారు రోడ్డుపై గట్టిగా నింపవలెను. సైకిలు షెడ్డులో ఒక గాలిపంపు, సీటు ఎత్తు సరిచేయుటకు ఒక స్పానరు ఉంచినచో ఒకే టైరు రెండు టైర్ల పని చేయును.